కేబుళ్లపై వేలాడే పైపులైను: నమూనా కట్టడం, నీటితో తూచి చూడడం

నది లోతుగా, వడిగా ఉన్నప్పుడు, లోయ అడుగున స్తంభం నిలపడానికి చోటు లేనప్పుడు, లేదా నది అడుగున గొట్టాన్ని పాతిపెట్టడం కుదరనప్పుడు పైపులైనును కేబుళ్లకు వేలాడదీసి దాటిస్తారు. ఇది కొత్త పద్ధతి కాదు. అమెరికాలో మిసిసిపీ నది మీద గ్రాండ్ టవర్ వద్ద సహజవాయువు పైపు కోసమే 1955లో కట్టిన వేలాడే వంతెన ప్రధాన స్పాన్ (రెండు టవర్ల మధ్య దూరం) 650 మీటర్లకు పైబడి ఉంటుంది. అలాస్కా చమురు పైపులైను తనానా నదిని దాటే చోట 1.22 మీటర్ల వ్యాసం గల పైపు సుమారు 366 మీటర్ల మేర కేబుళ్ల మీదనే ఆధారపడి ఉంది. ఇటువంటి నిర్మాణాన్ని కంప్యూటరులో ఎలా నమూనా కట్టాలో, కట్టిన నమూనా నిజమో కాదో స్థలంలో పరీక్షించి ఎలా తేల్చుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. సూత్రాలు గాలిలో తేలిపోకుండా మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణను తీసుకుంటాను. అది నిజంగా కట్టిన వంతెన కాదు, లెక్క కోసం ఎంచుకున్నది.

ఉదాహరణలో స్పాన్ 120 మీటర్లు. కేబుల్ నడిమిన టవర్ తలల మట్టం కంటే 12 మీటర్లు కిందికి వేలాడుతుంది. ఈ లోతును సాగ్ అంటారు. స్పాన్‌లో పదోవంతు సాగ్ ఇవ్వడం ఇటువంటి నిర్మాణాలలో మామూలే. పైపు సహజవాయువు కోసం వేసినది. బయటి వ్యాసం 508 మిల్లీమీటర్లు, గోడ మందం 9.5 మిల్లీమీటర్లు. పైపుకు ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున రెండు ప్రధాన కేబుళ్లు, ఒక్కొక్కదానిలో 900 చదరపు మిల్లీమీటర్ల ఉక్కు, ప్రతి 6 మీటర్లకు ఒక జత హ్యాంగర్లు (ప్రధాన కేబుల్ నుంచి పైపును వేలాడదీసే నిలువు తీగలు) ఉన్నాయనుకుందాం.

ముందు బరువు, ఆ తరువాతే కంప్యూటరు

పైపు ఉక్కు మీటరుకు 117 కిలోలు. పూత, హ్యాంగర్లు, బిగింపులు, నడకదారి, కేబుళ్లు అన్నీ కలిపి మరో 60 కిలోలు అనుకుంటే ఖాళీ నిర్మాణం మీటరుకు 177 కిలోలు. పైపులో వాయువు బరువును ఈ తొలి లెక్కలో పక్కన పెడదాం. అయితే వాయువు ఎక్కించే ముందు పైపును నీటితో నింపి ఒత్తిడి పరీక్ష చేయాలి, ఆ నీరు మీటరుకు 188 కిలోలు. అంటే పరీక్ష నాటి బరువు మీటరుకు 365 కిలోలు, ఖాళీ బరువుకు రెట్టింపు కంటే ఎక్కువ. వాయువు పైపు వంతెన తన జీవితంలో మోసే అతి పెద్ద నిలువు బరువు సాధారణంగా ఈ నీటి పరీక్ష (హైడ్రోటెస్ట్) నాడే మోస్తుంది. ఈ సంగతిని డిజైన్ మొదటి పుటలోనే రాసుకోవాలి. తాగునీటి పైపుకు ఈ తేడా లేదు. అది రోజూ నిండుగానే ఉంటుంది.

కేబుల్ తన్యతలో (లాగుడు బలంలో) క్షితిజ సమాంతర భాగం తెలుసుకోవడానికి మీటరు బరువును స్పాన్ వర్గంతో గుణించి, సాగ్‌కు ఎనిమిది రెట్లతో భాగించాలి. మన ఉదాహరణలో ఇది ఖాళీగా ఉన్నప్పుడు రెండు కేబుళ్లకూ కలిపి 260 కిలోన్యూటన్లు, నీరు నిండినప్పుడు 537 కిలోన్యూటన్లు వస్తుంది. టవర్ దగ్గర కేబుల్ వాలుగా ఉంటుంది కనుక అక్కడి అసలు తన్యత దీనికి 1.08 రెట్లు. ఈ రెండు అంకెలను కాగితం మీద చేత్తో వేసి పక్కన పెట్టుకోండి. తరువాత కంప్యూటరు ఇచ్చే జవాబు వీటికి దగ్గరగా రాకపోతే తప్పు కంప్యూటరు నమూనాలోనే ఉందని ముందుగా అనుమానించాలి.

కాగితం మీది బరువులను నమ్మి ఆగిపోకూడదు. పూత మందం, బిగింపుల బరువు, నడకదారి జాలీ వంటివి డ్రాయింగులో ఉన్నట్లే స్థలానికి వస్తాయన్న హామీ లేదు. ప్రతి రకం నుంచి కొన్ని ముక్కలను తూకం వేసి నమోదు చేసుకోవడానికి పట్టేది ఒక పూట. ఆ పూట పని తరువాతి లెక్కలన్నిటికీ ఆధారమవుతుంది.

నమూనా కట్టే పద్ధతి

కేబుల్‌ను మామూలు ట్రస్ సభ్యంలాగా గీసి బరువు వేస్తే జవాబు తప్పుతుంది. డ్రాయింగులో చూపిన ఆకారం నిర్మాణం పూర్తయ్యాక, సొంత బరువు మోస్తూ నిలిచిన ఆకారం. ఆ ఆకారానికి మళ్లీ గురుత్వాకర్షణ వేస్తే కేబుల్ రెండోసారి సాగి, సాగ్ అనుకున్నదానికంటే పెరిగిపోతుంది. అందుచేత మొదట ఆకార నిర్ణయం చేయాలి: ఖాళీ బరువు కింద కేబుల్ ఆకారం, ప్రతి హ్యాంగర్ తన్యత డ్రాయింగుతో సరిపోయేలా ప్రతి ముక్కలో ఆరంభ తన్యతను కనుగొని, దాని నుంచి బరువు లేనప్పటి పొడవులను లెక్కించాలి. కేబుళ్లను కోయించి తెప్పించేది ఈ పొడవులకే కాబట్టి ఇక్కడి తప్పు చివరికి ఇనుములోనే తేలుతుంది.

కేబుల్, హ్యాంగర్ ముక్కలు తన్యతను మాత్రమే మోసేలా, నొక్కుడు వస్తే వదులైపోయేలా ఉండాలి. విశ్లేషణ పెద్ద స్థానభ్రంశాలను లెక్కలోకి తీసుకోవాలి. ఎందుకంటే ఈ నిర్మాణం బరువు మారితే ఆకారం మార్చుకుని, ఆ మారిన ఆకారంతోనే బరువు మోస్తుంది. పైపును బీమ్ ముక్కలుగా, హ్యాంగర్ల మధ్య కనీసం నాలుగైదు ముక్కలుగా విభజించాలి. టవర్లు, టవర్ తల నుంచి ఒడ్డుకు దిగే వెనుక కేబుళ్లు, వాటిని నేలలో పట్టి ఉంచే యాంకర్లు నమూనాలో ఉండాలి. వాటిని కదలని బిందువులుగా వదిలేస్తే నమూనా స్థలంలోని వంతెన కంటే గట్టిదని చెబుతుంది. టవర్ తల ఒక సెంటీమీటరు లోపలికి వాలితే మన ఉదాహరణలో సాగ్ దాదాపు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది.

కేబుల్ యంగ్ గుణకం (లాగుడుకు ఎంత సాగుతుందో చెప్పే అంకె) విషయంలో జాగ్రత్త అవసరం. పైపు ఉక్కుకు వాడే 200 గిగాపాస్కల్ కేబుల్‌కు వాడకూడదు. పేనిన తీగలు లాగినప్పుడు సర్దుకుంటాయి. అమెరికా ప్రమాణాలలో ముందుగా సాగదీసిన స్ట్రాండ్‌కు (తీగలను పేనిన కేబుల్) కనీసం 165, వైర్‌రోప్‌కు (స్ట్రాండ్లను మళ్లీ పేనిన తాడు) 138 గిగాపాస్కల్ అని ఉంది. ముందుగా సాగదీయని కేబుల్ మొదటి బరువుకు ఇంకా ఎక్కువ సాగి, ఆ సాగుడులో కొంత శాశ్వతంగా ఉండిపోతుంది. కాబట్టి కొన్న కేబుల్ నుంచే తీసిన ముక్కకు లాగుడు పరీక్ష చేయించి, బరువు ఎక్కించి దించే వలయాలు నాలుగైదు జరిగాక, స్థిరపడిన గీత నుంచి గుణకాన్ని తీసుకోవాలి.

పైపు చివరలు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ నిర్మాణాలలో నాకు అన్నిటికంటే ప్రమాదకరంగా కనిపించే పొరపాటు చివరల దగ్గరే జరుగుతుంది. పైపు రెండు ఒడ్డులలోనూ గట్టి దిమ్మెలకు కదలకుండా బిగించి ఉందనుకుందాం. లోపల 100 బార్ ఒత్తిడి ఎక్కిస్తే గోడలో ఉన్న బలాన్ని, లోపలి ద్రవం తోసే బలాన్ని కలిపి చూసినప్పుడు పైపు నొక్కుడులో ఉన్న స్తంభంలాగా ప్రవర్తిస్తుంది. ఒత్తిడిని లోపలి వైశాల్యంతో, 0.4 తో గుణిస్తే ఆ నొక్కుడు మన పైపుకు 750 కిలోన్యూటన్లు. దీనికి తోడు ప్రతి 10 డిగ్రీల వేడికీ మరో 357 కిలోన్యూటన్లు చేరతాయి.

దీనిని ఎదిరించేది ఏమిటి? స్పాన్‌లో ఒక సగం పైకి, ఒక సగం కిందికి వంగే అలలాంటి ఆకారాన్ని తీసుకుంటే, ఖాళీ నిర్మాణంలో కేబుళ్ల తన్యత 260, పైపు సొంత వంపు బిగువుకు సమానమైన బలం 253, మొత్తం 513 కిలోన్యూటన్లు. నీరు నిండి ఉంటే 790. అంటే వాయువుతో 100 బార్ల వద్ద పనిచేసే పైపును రెండు చివరలా బిగిస్తే ఎండ సంగతి అటుంచి, ఒత్తిడి ఒక్కటే దాన్ని అలలాగా వంచగలదు. నీటితో పరీక్షించిన రోజు మాత్రం బరువు వల్ల పెరిగిన తన్యతే పైపును కాపాడి, ఆ లోపాన్ని బయటపడనీయకపోవచ్చు. ఈ కారణంగానే చివరల వద్ద లూపులు (పైపును వంచి పెట్టే మలుపులు) పెట్టి పైపు పొడవు దిశలో కదిలేలా వదలాలి. 30 డిగ్రీల మార్పుకు 120 మీటర్ల పైపు 43 మిల్లీమీటర్లు కదులుతుంది; లూపులు, జారే ఆధారాలు ఆ కదలికను ఒత్తిడి వల్ల కలిగే కదలికతో కలిపి తట్టుకోవాలి. మీరు వాడే సాఫ్ట్‌వేర్ లోపలి ఒత్తిడి వల్ల వచ్చే ఈ నొక్కుడును తనంతట తాను లెక్కలోకి తీసుకుంటుందో లేదో రెండు చివరలా బిగించిన ఒక సూటి పైపు మీద ముందుగా పరీక్షించి చూసుకోండి.

గాలి

నిలువు తలంలో వేలాడే కేబుల్ పక్కగాలిని ఎదిరించడానికి పెద్దగా సాయపడదు. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగంలో విశాఖపట్నానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు 1,500 న్యూటన్ల ఒత్తిడి ఇస్తుంది. ఎత్తు, నేల స్వభావం వంటి సవరణలు పక్కన పెట్టి ఆకార గుణకం 1 అనుకున్నా మన పైపు మీద మీటరుకు 0.76 కిలోన్యూటన్లు పడుతుంది. ఇది ఖాళీ నిర్మాణపు బరువులో 44 శాతం. పక్క కేబుళ్లు లేకపోతే పైపు ఉయ్యాలలాగా దాదాపు 24 డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. అందువల్ల తుపాను తీరంలో ఇరువైపులా అడ్డంగా లాగే గాలి కేబుళ్లు తప్పనిసరి అని నా అభిప్రాయం.

పెనుగాలి ఒక్కటే కాదు, నిలకడగా వీచే మామూలు గాలి కూడా నష్టం చేయగలదు. గుండ్రని పైపు వెనుక సుడులు ఒకదాని తరువాత ఒకటిగా విడిపోతూ పైపును పైకీ కిందికీ నెడతాయి. పౌనఃపున్యాన్ని వ్యాసంతో గుణించి 0.2 తో భాగిస్తే ఆ కంపనాన్ని రేపే గాలి వేగం వస్తుంది. మన ఖాళీ పైపు స్పాన్ మీద ఆరు అర్ధ తరంగాలుగా వంగే కంపనం సుమారు 3 హెర్ట్జ్. దానికి సెకనుకు 7.6 మీటర్ల గాలి చాలు. అటువంటి గాలి ఏడాదిలో ఎన్నో సాయంత్రాలు వీస్తుంది, వెల్డుల అలసట ఆ సాయంత్రాలలోనే పోగవుతుంది. కాబట్టి పెనుగాలికి బలం చూసినట్లే చిన్న గాలులకు పౌనఃపున్యాల పట్టిక కూడా వేయాలి. ఆ పౌనఃపున్యాలను సొంత బరువు కింద తన్యతతో నిలిచిన స్థితి నుంచి లెక్కించాలి.

చిన్న నమూనా చేయాలంటే

ప్రయోగశాలలో చిన్న నమూనా కట్టేటప్పుడు గురుత్వాకర్షణ మారదు కనుక ఫ్రూడ్ సామ్యాన్ని (బరువు, జడత్వ బలాల నిష్పత్తిని అసలులో ఉన్నట్లే ఉంచడం) పాటించాలి. ఇరవయ్యో వంతు నమూనాలో మీటరు బరువు 400వ వంతు, కేబుల్ సాగుడు బిగువు 8,000వ వంతు, పైపు వంపు బిగువు 32 లక్షలవ వంతు కావాలి. లెక్క వేస్తే కేబుల్ ఒక్కొక్కటి మిల్లీమీటరులో మూడో వంతు మందం గల ఉక్కు తీగ అవుతుంది. పైపు వంపు బిగువును ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు ఉక్కు కడ్డీ ఇస్తుంది. కడ్డీకి తేలికైన స్పాంజి తొడుగు వేసి 25 మిల్లీమీటర్ల బయటి వ్యాసం తేవాలి, తగ్గిన బరువును సీసపు ముక్కలతో పూరించాలి. అసలు వంతెనలో 0.45 హెర్ట్జ్ కంపనం నమూనాలో 2 హెర్ట్జ్‌గా కనిపిస్తుంది. అయితే గాలి సొరంగంలో రెనాల్డ్స్ సంఖ్య (గాలి వేగం, వ్యాసం, గాలి జిగటలను కలిపి చెప్పే అంకె) అసలుతో సరిపోదు. నున్నని గుండ్రటి పైపు వెనుక సుడుల తీరు ఆ సంఖ్యను బట్టి మారుతుంది కనుక అక్కడి ఫలితాన్ని యథాతథంగా వంతెనకు అన్వయించకూడదు.

నీటితో తూచడం

నేను అన్నిటికంటే విలువైనదిగా భావించే పరీక్ష స్థలంలో నీరు నింపే రోజున జరుగుతుంది. చాలాచోట్ల హైడ్రోటెస్ట్‌ను వెల్డుల పరీక్షగా మాత్రమే చూసి, ప్రెషర్ గేజి గ్రాఫు దాచుకుని వెళ్లిపోతారు. కానీ మీటరుకు 188 కిలోల బరువు, అంగుళం తేడా లేకుండా ఎక్కడి దాకా ఉందో తెలిసే బరువు, మళ్లీ ఈ వంతెన మీదికి ఎవరూ ఎక్కించరు. దానిని వంతెన పరీక్షగా కూడా వాడుకోవాలి. పైపు ముక్కలను పైకెత్తక ముందే నేల మీద ఒకసారి ఒత్తిడి పరీక్ష చేసి ఉంటే, పైకెక్కాక వెల్డు లీకయ్యే భయం తగ్గి వంతెన కొలతల మీద మనసు పెట్టవచ్చు.

నీటిని పిగ్ (పైపు లోపల బిగువుగా జారే బిరడా) వెనుక నింపుతారు కనుక నీటి అంచు పైపులో గోడలాగా ముందుకు సాగుతుంది. అంచు స్పాన్ నడిమికి చేరినప్పుడు ఒక సగం బరువుగా, ఒక సగం తేలికగా ఉంటుంది. అదే అతి కష్టమైన ఘడియ. కేబుళ్ల తన్యత అప్పటికి 398 కిలోన్యూటన్లు మాత్రమే. పైపు బిగువును లెక్కలోకి తీసుకోకపోతే పావు బిందువు (స్పాన్‌లో నాలుగో వంతు దూరం) వద్ద వంగుడు 104 సెంటీమీటర్లు. తీసుకుంటే 64 సెంటీమీటర్లు. ఆ 40 సెంటీమీటర్లను ఆపినందుకు పైపు 161 కిలోన్యూటన్ మీటర్ల బెండింగ్ మూమెంట్ (వంచే బలభ్రామకం) మోస్తుంది, గోడలో సుమారు 88 మెగాపాస్కల్ ప్రతిబలం (వైశాల్యం మీద పడే బలం) వస్తుంది. పూర్తిగా నిండాక నడుమ 23 సెంటీమీటర్లే దిగుతుంది, స్పాన్ మొత్తం వంగడం వల్ల వచ్చే ప్రతిబలం ఏడు మెగాపాస్కల్ లోపు. నిండిన స్థితిని మాత్రమే విశ్లేషించిన నమూనా ఈ పదమూడు రెట్ల తేడాను చూపదు.

కొలతలకు కావలసిన ఏర్పాటు పెద్దదేమీ కాదు. పైపు మీద ప్రతి ఎనిమిదో వంతు బిందువు దగ్గర, టవర్ తలల మీద, యాంకర్ల మీద ప్రిజములు (కాంతిని తిప్పి పంపే గాజు గుర్తులు) అమర్చి టోటల్ స్టేషన్‌తో (దూరం, కోణం కొలిచే సర్వే పరికరం) చదవాలి. పావు బిందువులలో, నడుమ, చివరల దగ్గర పైపు చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు స్ట్రెయిన్ గేజిలు (సాగుడును కొలిచే పట్టీలు) అంటిస్తే పొడవు లాగుడును, నిలువు వంపును, పక్క వంపును విడదీయవచ్చు. కేబుల్ తీగల మీద గేజి అంటించి తన్యత తెలుసుకోవాలని చూడకండి. పేనిన తీగలన్నీ ఒకే విధంగా బరువు పంచుకోవు. ప్రధాన కేబుల్ తన్యతకు యాంకర్ దగ్గర లోడ్ సెల్ (బలం కొలిచే పరికరం) గానీ, జాకీతో లాగి చూడడం గానీ మేలు. పొడవైన హ్యాంగర్లను మాత్రం తట్టి, కంపనాన్ని కొలిచి తన్యత చెప్పవచ్చు: పొడవు వర్గాన్ని, పౌనఃపున్యం వర్గాన్ని, మీటరు బరువును గుణించి నాలుగు రెట్లు చేయాలి. మీటరుకు ఒక కిలో ఉన్న 8 మీటర్ల హ్యాంగర్ 4.4 హెర్ట్జ్ వద్ద కంపిస్తే దానిలో 5 కిలోన్యూటన్లు ఉన్నట్లు. నడిమి పొట్టి హ్యాంగర్లకు ఈ సూత్రం పనికిరాదు, అవి తీగలాగా కాక కడ్డీలాగా కంపిస్తాయి.

ఉష్ణోగ్రతను పట్టించుకోకపోతే ఈ శ్రమ అంతా వ్యర్థమవుతుంది. 20 డిగ్రీల మార్పుకు మన కేబుల్ సాగ్ దాదాపు 6 సెంటీమీటర్లు మారుతుంది. కేబుల్ గుణకం 165 కాక 138 అయితే నిండు నీటి కింద దిగుడు 23 నుంచి 27 సెంటీమీటర్లకు పెరుగుతుంది. అంటే మీరు వెతుకుతున్న తేడా 4 సెంటీమీటర్లు, ఎండ తెచ్చే తేడా 6. కాబట్టి ప్రధాన కొలతలన్నీ తెల్లవారకముందు, కేబుల్, పైపు, గాలి ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాక తీసుకోవాలి. ఒకే తెల్లవారుజామున అన్నీ కుదరకపోతే దశలను రోజులకు పంచండి, మధ్యాహ్నపు కొలతలతో కలపకండి. సగం నిండిన స్థితిలో మాత్రం రాత్రంతా ఉంచకుండా, గాలి లేని వేళ చూసి, కొలత పూర్తికాగానే ముందుకు సాగాలి.

నీరు ఎక్కించే ముందే నమూనా చెప్పే అంకెలన్నీ రాసి, తేదీ వేసి సంతకం చేయండి. జవాబు చూశాక నమూనాను సవరించి ముందే తెలిసినట్లు చెప్పుకోవడం ఎవరికైనా సులువే. తరువాత ఖాళీ, పావు, సగం, ముప్పావు, నిండు అనే ఐదు దశలలో ఆగాలి. పిగ్ ఎక్కడుందో నీటి మీటరే చెబుతుంది: మీటరు పైపుకు 188 లీటర్లు, సగం స్పాన్‌కు 11.3 ఘనమీటర్లు. సగం దశలో నిండిన వైపు పావు బిందువు సుమారు 72 సెంటీమీటర్లు దిగాలి, ఖాళీ వైపు పావు బిందువు సుమారు 55 సెంటీమీటర్లు లేవాలి. పైపు కింద, నడకదారి మీద ఆ సమయంలో ఎవరూ ఉండకూడదు. కొలిచిన ప్రతిబలం ముందుగా రాసిపెట్టుకున్న హద్దును దాటితే నింపడం ఆపి, నీరు వెనక్కి తీయడానికి మనుషులు, పంపు సిద్ధంగా ఉండాలి.

కొలతకు, నమూనాకు తేడా వచ్చినప్పుడు

ప్రతి తేడాకూ ఒక చోటు ఉంటుంది. నిండు నీటి కింద నడిమి దిగుడు ఎక్కువైతే ముందు యాంకర్, టవర్ తలల ప్రిజములు చూడండి. అవి కదలకపోతే కేబుల్ గుణకాన్ని, వెనుక కేబుళ్ల పొడవును అనుమానించాలి. సగం నిండినప్పుడు పావు బిందువు అనుకున్నంత కదలకపోతే పైపు చివరలు నమూనాలో కంటే బిగుసుకుని ఉన్నాయని గానీ, గాలి కేబుళ్లు నిలువు బలం కూడా మోస్తున్నాయని గానీ అర్థం. జారే ఆధారం రాపిడితో పట్టేసిందేమో చూడవలసిన వేళ అదే, ఎందుకంటే పైన చెప్పిన నొక్కుడు ప్రమాదం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ అనుమానాన్ని తీర్చడానికి కంపనం మంచి సాక్షి. స్పాన్ రెండు సగాలు ఎదురెదురుగా ఊగే కంపనంలో, పైపు బిగువు లేకపోతే పౌనఃపున్యం సాగ్ మీద మాత్రమే ఆధారపడుతుంది, బరువు మీద కాదు, మనకు 0.32 హెర్ట్జ్. పైపు బిగువు చేరితే ఖాళీగా 0.45, నిండుగా 0.39. పావు బిందువుకు తాడు కట్టి కొద్దిగా లాగి ఒక్కసారిగా వదిలి, యాక్సిలరోమీటరుతో ఈ రెండు స్థితులలోనూ కొలవండి. కొలిచిన అంకె 0.45 కంటే బాగా ఎక్కువ వస్తే చివరలు బిగుసుకున్నాయన్న అనుమానం బలపడుతుంది.

నమూనాను సరిదిద్దేటప్పుడు భౌతికంగా మారగలిగినవాటినే, మారగలిగినంత మేరకే మార్చాలి. కేబుల్ గుణకాన్ని లాగుడు పరీక్ష చూపిన హద్దుల్లోనే ఉంచాలి. బరువులను తూకం చీటీలు దాటనీయకూడదు. ఒకే అంకెను విపరీతంగా మార్చి నడిమి దిగుడును సరిపెడితే సగం నింపిన కొలత, పౌనఃపున్యం, హ్యాంగర్ తన్యతలు మళ్లీ తప్పుతాయి. ఈ నాలుగూ ఒకే మార్పుతో దారికి వచ్చినప్పుడే ఆ మార్పును నమ్మాలి.

నీరు నిండాక ఆయా కోడ్ చెప్పిన ఒత్తిడిని మెట్లుమెట్లుగా ఎక్కించి, ప్రతి మెట్టులోనూ చివరల కదలికను, పైపు పక్క కదలికను చదవాలి. ఒత్తిడి పెరుగుతున్నకొద్దీ పక్క కదలిక సమానంగా కాక వేగం పుంజుకుంటూ పెరిగితే అది నొక్కుడు లక్షణం, అక్కడే ఆగాలి. 100 బార్ల వద్ద గోడ చుట్టూ వచ్చే ప్రతిబలమే 267 మెగాపాస్కల్ కనుక వంపు ప్రతిబలాన్ని దానితో కలిపి హద్దుతో పోల్చాలి.

నీరు దించేటప్పుడు కూడా పిగ్ స్పాన్ నడిమి నుంచే వెళుతుంది, సగం స్థితి మళ్లీ వస్తుంది. ఆ దశలో మరోసారి కొలవండి. ఖాళీ అయ్యాక మర్నాటి తెల్లవారుజామున మొదటి కొలతతో పోల్చితే ఉష్ణోగ్రత సవరణ తరువాత మిగిలిన తేడా శాశ్వతంగా సాగిన సాగుడు, లేదా యాంకర్ జారుడు. అది మొత్తం దిగుడులో చిన్న భాగమైతే కేబుల్ సర్దుకుందని భావించవచ్చు. ఏ భాగం వరకు అంగీకరించాలన్నది పరీక్షకు ముందే రాసుకుని ఉండాలి. ఆ ఉదయపు ప్రిజము మట్టాలు, హ్యాంగర్ల పౌనఃపున్యాలు, చివరల స్థానాలు, ఉష్ణోగ్రతతో సహా ఒక పట్టికగా వంతెన రికార్డులో చేర్చండి. ప్రతి తుపాను తరువాత, ప్రతి వరద తరువాత వెళ్లి కొలిచేవారికి పోల్చుకోవడానికి ఉండేది ఆ పట్టికే.